తోటలో ఇంటికి నెట్: వైరు తెగితే వచ్చేదెవరో ముందు అడగండి

ప్రశ్న: అన్నా, మాది తాడిపత్రి వైపు ఓ పల్లె. నాలుగేళ్ల కిందట ఊళ్లో పాత ఇల్లు అట్లే పెట్టి, చీనీ (బత్తాయి) తోటలో కొత్త ఇల్లు కట్టుకున్నాం. ఊరికీ తోటకూ అర కిలోమీటరు పైన ఉంటుంది. ఇంట్లో ఆరుగురం. నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను. పెద్దోడు ఇంటర్ ఎంపీసీ, రోజూ నాలుగు గంటలు ఆన్‌లైన్ క్లాసులు. పాప ఏడో తరగతి. మా ఆయన మోటార్ల దగ్గర నాలుగు సీసీ కెమెరాలు పెట్టాలంటున్నారు, పోయిన ఏడాది రెండుసార్లు దొంగలు మోటారు కేబుల్ కోసుకుపోయారు. అత్తయ్యకు యూట్యూబ్‌లో సీరియళ్లు, మామయ్యకు టీవీలో వార్తలు, క్రికెట్. ఆదివారమైతే డాలస్‌లో ఉన్న మరిదితో వీడియో కాల్. ఐదు ఫోన్లకు రోజుకు 2 జీబీ ప్యాకులు వేయిస్తున్నాం, 28 రోజులకు ఒక్కోదానికి 350 దాకా. సాయంత్రానికే డేటా అయిపోతుంది. నాకు మీటింగ్ ఉందంటే అందరినీ ఫోన్లు పక్కన పెట్టమని బతిమాలుకోవాలి. ఊళ్లో కేబుల్ ఆయన తోటకు ఫైబర్ లాగాలంటే స్తంభాలకే 18 వేలు అవుతుందంటాడు. తీగ లేకుండా టవర్ నుంచి నెట్ ఇచ్చే ఎయిర్ ఫైబర్ వాళ్లు రేపే పెడతాం, ఏడాది డబ్బు ముందే కట్టండి అంటున్నారు. మరిది శాటిలైట్ నెట్ వచ్చేదాకా ఆగమంటాడు. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ఏడాది డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి. మిగతాది నింపాదిగా మాట్లాడుకుందాం. "ఊళ్లో పాత ఇల్లు అట్లే పెట్టి" అని మీరు మాటవరసకు రాశారు చూడండి, నాకు దారి అక్కడే కనపడింది. అసలు మీ ఇంటికి ఎంత నెట్ కావాలో లెక్క వేసుకుని ఆ ఇంటి సంగతికి వద్దాం. ఈ లెక్క లేకుండా ప్లాన్లు చూస్తే ఏది చూసినా చాలేటట్టే ఉంటుంది.

టీవీలో హెచ్‌డీ బొమ్మ గంటకు రెండున్నర, మూడు జీబీ తింటుంది. మామయ్యగారు రోజుకు నాలుగు గంటలు చూస్తారనుకుంటే నెలకు 330 జీబీ అక్కడే పోతుంది. అబ్బాయి క్లాసులకు గంటకు ఒక జీబీ చొప్పున వేసుకున్నా నెలకు వంద. అత్తయ్య సీరియళ్లకు ఓ 75. మీ ఆఫీసు పనికి పెద్దగా అక్కర్లేదు, కోడింగ్‌లో చూసేది ఎక్కువగా ఆసుపత్రి కాగితాలే కాబట్టి మీటింగులతో కలిపినా 50 దాటదు. మిగతా ఫోన్లలో రీల్స్, వాట్సాప్, పాప చదువు అన్నీ కలిపి 180. ఆదివారం కాల్‌కు ఓ పది. మొత్తం 745 జీబీ. ఇప్పుడు మీరు కొంటున్నది ఐదు ఫోన్లకు రోజుకు పది జీబీ, అంటే నెలకు 300. ఎవరూ దుబారా చేయడం లేదమ్మా, ఇంటికి కావాల్సినదాంట్లో సగం కూడా మీ దగ్గర లేదు. డబ్బు చూస్తే, 28 రోజుల ప్యాకు ఏడాదికి 13 సార్లు వేయించాలి కాబట్టి 22,750 రూపాయలు. ఇంత ఖర్చు పెడుతున్న ఇంట్లో మీటింగ్ కోసం ఒకరినొకరు బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు.

ఈ లెక్కలో కెమెరాలు కలపలేదు, కావాలనే వదిలేశాను. ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు రెండు మెగాబిట్లు) స్పీడుతో రాత్రీ పగలూ బొమ్మను క్లౌడ్‌కు, అంటే నెట్‌లో కంపెనీ దాచే చోటుకు, పంపుతూ ఉంటే రోజుకు 21 జీబీ పైనే అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు 86, నెలకు 2,600 జీబీ. మీ ఇంటిల్లిపాదీ వాడేదానికి మూడు రెట్ల పైమాట! అందుకని కెమెరాలు అమ్మే అతను క్లౌడ్ ప్యాకు అంటగట్టబోతే వద్దనండి. రికార్డింగ్ అంతా ఇంట్లో పెట్టే పెట్టెలోనో, కెమెరాలోని మెమరీ కార్డులోనో పడాలి. మనిషి కదిలినప్పుడు ఫోనుకు అలర్ట్ వస్తే చాలు, మీవారు తెరిచి చూసినంతసేపే నెట్ ఖర్చవుతుంది. రికార్డింగ్ పెట్టె మాత్రం మోటారు గదిలో వద్దు, ఇంట్లోనే ఉండాలి. కేబుల్ కోసుకుపోయేవాడికి పెట్టె ఎత్తుకుపోవడం ఎంతసేపు?

స్పీడు సంగతి. రాత్రి ఎనిమిదింటికి మీ ఇంట్లో టీవీ, క్లాసు, యూట్యూబ్, రెండు ఫోన్లు, ఒక కాల్ ఒకేసారి నడిస్తే 25 ఎంబీపీఎస్ దాకా పడుతుంది. 30 ప్లాన్ తీసుకుంటే అంచుల మీద నడుస్తుంది. 50 అయితే ఇబ్బంది ఉండదు, ధరలో తేడా కొంచెమే అయితే 100 తీసుకోండి. ధర అడిగేటప్పుడు జీఎస్టీతో కలిపి అడగండి. ప్రకటనలో 599 అని ఉంటే 18 శాతం కలిపి మీ చేతి నుంచి పోయేది 707. ఇంకో మాట, మన దేశంలో నియమాల ప్రకారం 2 ఎంబీపీఎస్ వచ్చినా దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనే అంటారు. 2023 జనవరి దాకా అయితే 512 కేబీపీఎస్, అంటే అర ఎంబీపీఎస్, వచ్చినా ఆ పేరే. కాబట్టి "బ్రాడ్‌బ్యాండ్ ఇస్తాం" అన్న మాటతో ఊరుకోకుండా డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత అని రెండూ అడగాలి. మీ మీటింగులో మీ మాట, బొమ్మ అవతలికి పోయేది అప్‌లోడ్‌లోనే.

ఇక కనెక్షన్. మీ ఊళ్లో ఫైబర్ ఉంది, అది మీ అదృష్టం. ఎన్నో ఊళ్లలో పంచాయతీ ఆఫీసు దాకా తీగ వచ్చి ఇళ్లకు చేరకుండా ఆగిపోయింది. వీలైనంత వరకు ఫైబర్ వైపే మొగ్గండి. కంపెనీ ఏదైనా సరే, గాజు తీగలో వచ్చే నెట్‌కు చెట్లు అడ్డం కావు, వాన అడ్డం కాదు. గాలిలో వచ్చే నెట్ అలా కాదు, టవర్ కింద రాత్రిపూట జనం పెరిగేకొద్దీ అందరికీ తలా కాస్తే దక్కుతుంది.

అయితే ఆ 18 వేలు కట్టాలా? కేబుల్ ఆయన మోసం చేస్తున్నాడని నేను అనను. తీగకు అయ్యే ఖర్చు తక్కువ, స్తంభాలు నాటడానికే ఎక్కువ. మీ మోటార్లకు వచ్చే కరెంటు స్తంభాలు దారిలో ఉన్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. వాటి మీద తీగ కట్టాలంటే విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి ఉండాలి, ఆ సంగతి ఆపరేటర్ చూసుకోవాలి. మీవారు నిచ్చెన వేసుకుని కట్టే పని మాత్రం కలలో కూడా పెట్టుకోవద్దు. మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగలను కూడా ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. తవ్వే పని తప్పింది కాబట్టి పల్లెలకు తొందరగా చేరింది. స్తంభం ఒరిగినా, కొమ్మ విరిగి పడినా తీగ తెగే బాధ కూడా దాని వెంటే వచ్చింది. తెలంగాణలో ప్రభుత్వ ఫైబర్ పథకం టీ-ఫైబర్‌కు ఇంకో దారి పట్టారు, మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కాలువల్లోనే ఫైబర్‌కూ పైపు వేశారు. ఆ పద్ధతి మీ తోటలోనూ పనికొస్తుంది. ఎప్పుడైనా డ్రిప్ మెయిన్ పైపు కోసం ఊరి వైపు కాలువ తవ్విస్తే, అందులోనే ఒక ఖాళీ పైపు కూడా వేసి ఉంచండి. నాగలికి అందని లోతున ఉండాలి. తర్వాత ఎప్పుడు ఫైబర్ తెచ్చుకున్నా ఆ పైపులోంచి లాగించవచ్చు, ఎలుకల భయమూ తక్కువ. పక్క తోటల్లో ఇంకో రెండిళ్లు ఉండి అందరూ కలిస్తే ఆ 18 వేలు తలా ఆరు వేలవుతుంది, అప్పుడు స్తంభాలు వేయించుకోవడమే మేలు.

అదేదీ కుదరకపోతే, లేదా అంతదాకా ఆగలేమనుకుంటే, పాత ఇల్లు ఉండనే ఉంది.

ఫైబర్ కనెక్షన్ మీ పేరు మీద పాత ఇంటికి తీసుకోండి. అక్కడికి స్తంభాల ఖర్చు ఉండదు. ఆ ఇంటి మిద్దె మీద ఒక చిన్న రేడియో, తోటలో ఇంటి మిద్దె మీద ఇంకొకటి, రెండూ ఎదురెదురుగా చూసుకునేలా బిగిస్తారు. పాత ఇంటి రౌటర్ నుంచి నెట్ గాలిలో అర కిలోమీటరు దాటి మీ ఇంటి రౌటర్‌కు చేరుతుంది. వీటిని పాయింట్ టు పాయింట్ రేడియోలంటారు, తాడిపత్రిలో కానీ అనంతపురంలో కానీ సీసీ కెమెరాలు బిగించేవాళ్లకు తెలుసు. జత పది వేల రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది, అది ఒక్కసారి ఖర్చు. నెలనెలా కట్టేది పాత ఇంటి ఫైబర్ బిల్లే. 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను ఆ దూరం దాటించడం వాటికి పెద్ద పని కాదు. ఇవి వాడే 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు విడిగా లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018లోనే నోటిఫై చేసింది. మీ ఇంటి నుంచి మీ ఇంటికే తెచ్చుకుంటున్నారు కాబట్టి అభ్యంతరం ఉండదు కానీ, ఆపరేటర్‌కు ఒక మాట చెప్పే పెట్టుకోండి. డబ్బు తీసుకుని పక్క తోటలకు పంచడం మాత్రం వద్దు, దానికి లైసెన్సు కావాలి.

దీనికి ఒకటే షరతు. ఆ మిద్దె నుంచి ఈ మిద్దె కంటికి కనపడాలి. చీనీ చెట్లు అడ్డం రావు, అవి పొట్టివి. చూసుకోవాల్సింది వేపచెట్లు, కొబ్బరి చెట్లు, గుడి గోపురం. అంచు కనపడితే చాలదు, నడిమధ్య దారిలో చెట్ల తలలకు పైన కనీసం రెండు మీటర్ల ఖాళీ ఉండాలి. వేప చిగురు వేసి పెరిగితే మళ్లీ అడ్డం రాకుండా కూడా చూసుకోండి. అవసరమైతే మిద్దె మీద ఒక ఇనుప పైపు నిలబెట్టి రేడియోను ఇంకో పదడుగులు పైకెత్తవచ్చు.

ఎయిర్ ఫైబర్ చెడ్డదని నేను చెప్పడం లేదు. 2023లో జియో, ఎయిర్‌టెల్ దీన్ని మొదలుపెట్టాక, ఫైబర్ తీగ కనుచూపు మేరలో లేని ఎన్నో ఇళ్లకు అదే దిక్కయింది. మీ విషయంలో నా అనుమానాలు రెండు. మొదటిది, ఈ ప్లాన్లలో "అన్‌లిమిటెడ్" అంటే సాధారణంగా నెలకు 1,000 జీబీ. పెద్ద కంపెనీల ఫైబర్ ప్లాన్లలో అది 3,300. ఆ హద్దు దాటితే స్పీడు బాగా పడిపోతుంది. మీ 745 హద్దులోపే ఉంది కానీ, ఎండాకాలం సెలవులు, ఐపీఎల్ కలిసిన నెలలో వెయ్యి దాటడం కష్టమేం కాదు. రెండోది, మీ తోట. 5జీలో బాగా స్పీడు ఇచ్చే తరంగాలు ఆకులకూ గోడలకూ తట్టుకోలేవు. అన్నిటికంటే ముందు మీరే ఒక పరీక్ష చేయండి. ఆ కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోను తీసుకుని మిద్దె ఎక్కి టవర్ వైపు తిరిగి స్పీడు చూడండి. మధ్యాహ్నం చూస్తే లాభం లేదు, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, మూడు రాత్రులు, అందులో ఒకటి ఆదివారం కావాలి. మూడు రాత్రులూ 50కి తగ్గకుండా వచ్చి, అప్‌లోడ్ పది దాకా ఉంటే, నెలవారీ ప్లాన్‌తో మొదలుపెట్టండి. వానాకాలం ఒకటి గడిచాకే ఏడాది ప్లాన్ గురించి ఆలోచించండి.

మీ మరిదికి చెప్పండి, శాటిలైట్ నెట్ కోసం ఆగక్కర్లేదు. స్టార్‌లింక్‌కు మన దేశంలో లైసెన్సు 2025 జూన్‌లో వచ్చిన మాట నిజమే, దాని ఉపగ్రహాలు ఐదొందల కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఎత్తునే తిరుగుతాయి కాబట్టి మాటకు మాట ఆలస్యం కాదు. పాతకాలం శాటిలైట్ నెట్ 36 వేల కిలోమీటర్ల పైకి పోయి రావాలి, మీటింగులో మీరు ఒక మాట అంటే అవతలివాళ్ల జవాబు మీకు చేరడానికి అర సెకను పైగా ఆలస్యమవుతుంది. కొండల్లో, అడవుల్లో ఏ దారీ లేనివాళ్లకు శాటిలైట్ ప్రాణం పోసినట్టే. అర కిలోమీటరులో ఫైబర్ ఉన్న మీకు దాని అవసరం లేదు.

ఏ కంపెనీ అని మీరు అడగలేదు, మంచిదైంది. ఎందుకంటే పల్లెలో నెట్ బాగుండటం కంపెనీ పేరు మీద కంటే వైరు తెగిన రోజు వచ్చే మనిషి మీద ఆధారపడి ఉంటుంది. కనెక్షన్ తీసుకునేముందు ఊళ్లో ఇప్పటికే అతని కనెక్షన్ ఉన్న మూడిళ్లకు వెళ్లి అడగండి. కిందటిసారి పోయినప్పుడు ఎన్ని రోజులకు వచ్చింది? ఫోన్ చేస్తే ఎత్తుతాడా? ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మెషీన్ అతని దగ్గరే ఉందా, తాడిపత్రి నుంచి తెప్పిస్తాడా? ఉంటే సాయంత్రానికి నెట్ వస్తుంది, లేకపోతే ఆ మెషీన్ ఖాళీ అయ్యేదాకా మీరు ఎదురుచూడాలి. 50 ఎంబీపీఎస్ ఇచ్చి పూటలో బాగుచేసేవాడు, 200 ఇచ్చి వారానికి కనపడేవాడి కంటే మీ ఉద్యోగానికి ఎంతో మేలు.

మా ఊరి ఇంట్లో జరిగింది చెబుతాను. ఫైబర్ పెట్టించిన కొత్తలో పగలంతా బాగుండేది, పొద్దుగూకగానే నెట్ ఆగి ఆగి వచ్చేది. రాత్రి జనం ఎక్కువ వాడతారు కాబట్టి అంతేనని కంపెనీ వాళ్లు ఫోనులో చెబుతూ వచ్చారు, మేమూ రెండు వారాలు నమ్మాం. చివరికి ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడు ఒకరోజు సాయంత్రం వచ్చాడు. రౌటర్ వెనక నుంచి ఆకుపచ్చ కనెక్టర్ తీసి, చేతిలో ఇమిడే మీటరుకు పెట్టాడు. తీగలో వచ్చే వెలుతురు ఎంత బలంగా ఉందో చెప్పే అంకె మైనస్ 29 చూపించింది. మైనస్ 27 దాటితే వెలుతురు సరిపోదన్నా అని, తీగను చేత్తో పట్టుకుని వెనక్కి తడుముకుంటూ కిటికీ దాకా వెళ్లాడు. కిటికీ రెక్క తెరిచాడు. మీటరు మైనస్ 21కి వచ్చింది. దోమలొస్తాయని మేము రోజూ సాయంత్రం ఆ రెక్క గట్టిగా మూసేవాళ్లం, దాని కింద తీగ నలిగి మడత పడుతోంది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు, తీగ గట్టిగా వంగిన చోట అది బయటికి జారిపోతుంది. గోడకు చిన్న రంధ్రం చేసి తీగ అటు తిప్పాడు, అంతే. అందుకే చెబుతున్నా, మీకు ఫైబర్ పెట్టిన రోజు ఆ మీటరు మీ ముందు పెట్టించి, ఎంత చూపించిందో రౌటర్ అడుగున రాసి అంటించుకోండి. మైనస్ 15 నుంచి 25 లోపు ఉంటే బాగున్నట్టు. తర్వాత ఎప్పుడు తేడా వచ్చినా ఆ అంకెతో పోల్చి అడగవచ్చు. రౌటర్ మీద ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు కొట్టుకుంటుంటే తీగ తెగినట్టు, రౌటర్ ఆపి వేసి టైము పోగొట్టుకోకుండా నేరుగా అతనికే ఫోన్ చేయండి.

కరెంటు మరిచిపోకండి. తోట ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే, మీ ఉద్యోగం కోసమైనా పెట్టించాల్సిందే. పాత ఇంటిలో ఎవరూ ఉండరు కదా, అక్కడ కరెంటు పోతే తోటలో నెట్ పోతుంది. రౌటర్‌కు వాడే చిన్న యూపీఎస్ ఒకటి అక్కడ పెడితే రెండు మూడు గంటలు నడుస్తుంది. రౌటర్‌కు 12 వోల్టులు, ఆ రేడియోలకు చాలావాటికి 24 వోల్టులు కావాలి, కొనేటప్పుడు రెండు అవుట్‌పుట్‌లూ ఉన్నాయో లేదో చూసుకోండి. మిద్దె మీద రేడియో పైపుకు ఎర్తింగ్ తప్పకుండా చేయించండి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఉరుముల వానలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. గాజు తీగలో కరెంటు పారదు కానీ, రేడియో నుంచి కిందికి దిగే ల్యాన్ కేబుల్ రాగిది. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలుకాకముందే ఆ ప్లగ్ తీసేయమని పిల్లలకు కూడా నేర్పండి.

తోట ఇంట్లో రౌటర్‌ను హాలు నడిమధ్య, మనిషి ఎత్తున పెట్టండి. బీరువా పక్కన పెడితే ఆ ఇనుము సిగ్నల్‌ను మింగేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌కు, టీవీకి మాత్రం వైఫై కాకుండా ల్యాన్ కేబుల్ వేయించుకోండి. ఇంటి నెట్ కుదిరాక ఐదు ఫోన్లకూ రోజుకు 2 జీబీ అక్కర్లేదు, తక్కువ ప్యాకులు చాలు. ఒక్క మీ సిమ్‌కు మాత్రం, అది కూడా ఫైబర్ కంపెనీది కాకుండా వేరే కంపెనీది, డేటా ప్యాకు అలాగే ఉంచండి. నెట్ పోయిన రోజు హాట్‌స్పాట్ వేసుకుని పని ముగించుకోవచ్చు. మీ జీతం ఈ తీగ మీద ఆధారపడి ఉంది కాబట్టి ఆ మూడొందల యాభై దండగ కాదు.

ఇక మొదట చేయాల్సింది, ఈ రాత్రికే చేయగలిగింది ఒకటుంది. చీకటి పడ్డాక అబ్బాయిని పాత ఇంటి మిద్దె మీదికి పంపి, టార్చి తోట వైపు పట్టుకుని నిలబడమనండి. మీరు ఈ మిద్దె మీద నుంచి చూడండి. నిలబడితే కనపడిందా, కూర్చున్నా కనపడిందా, ఏ చెట్టు పక్కగా కనపడిందో గుర్తు పెట్టుకుని నాకు రాయండి. దాన్ని బట్టి పైపు ఎంత ఎత్తు వేయించాలో చెబుతాను.